నంద్యాలలో పీవీ: రెండు గెలుపుల లెక్క

నంద్యాల పట్టణము విడిచి ఉత్తరముగ పోవు బాటలో, కుడిచేతి వైపున నల్లమల కొండల నీలిరేఖ కనుచూపు వీడక వెంటవచ్చుచుండగా, బండి ఆత్మకూరు తగులును. తూర్పున అడవి, ఆ అడవిలో ఓంకార క్షేత్రము, పడమట కుందూనది పల్లము, నడుమ కె.సి. (కర్నూలు-కడప) కాలువ క్రింద పండెడు వరిచేలు. సుంకేసుల కడ తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, పడవలు నడుపుటకును పైరులు తడుపుటకును పందొమ్మిదవ శతాబ్దమున ఒక ఆంగ్లేయ కంపెనీ త్రవ్వించిన ఆ కాలువ, కంపెనీకి లాభము తేలేదు గాని, రాయలసీమ యనగానే రాళ్ళును కరవును తప్ప వేరేమియు తోపని వారికి వింత గొలుపునంతటి పచ్చదనమును ఈ నేలకు తెచ్చిపెట్టినది. కర్నూలు సోనా యను పేర హైదరాబాదు అంగళ్ళలో అమ్ముడుపోవు సన్నబియ్యమునకు ఇట్టి పల్లెలే పుట్టినిండ్లు.

1991 నవంబరులో, ఆ వరి కోతకు వచ్చు దినములలో, ఈ పల్లెలకు ఒక ఉపఎన్నిక వచ్చెను. అయిదారు నెలల క్రిందటనే లోక్‌సభకు ఓటు వేసి వచ్చిన జనము మరల వరుసలలో నిలువవలసి వచ్చెను. ఓటడుగ వచ్చిన అభ్యర్థి సామాన్యుడు కాడు, సాక్షాత్తు భారత ప్రధానమంత్రి. కాంగ్రెసు పక్షమున నిలిచిన శ్రీ పి.వి. నరసింహారావుగారికి పడిన ఓట్లు 6,26,241. భారతీయ జనతాపార్టీ పక్షమున ఎదురు నిలిచిన శ్రీ బంగారు లక్ష్మణ్‌గారికి వచ్చినవి 45,944. ఆధిక్యము 5,80,297. చెల్లిన ప్రతి పది ఓట్లలో ఇంచుమించు తొమ్మిది ఒక్కరికే పడినవన్నమాట. ఆ సంఖ్య గిన్నిస్ పుస్తకమునకెక్కెను. నంద్యాల పేరు దేశమంతట మారుమ్రోగెను.

నాలుగున్నర సంవత్సరములు గడచిన పిమ్మట, 1996 వేసవిలో, అదే నరసింహారావుగారు అదే నంద్యాలలో మరల గెలిచిరి. ఈసారి ఆయనకు పడినవి 3,66,431, ప్రత్యర్థియైన తెలుగుదేశము అభ్యర్థి శ్రీ భూమా నాగిరెడ్డిగారికి పడినవి 2,67,901, ఆధిక్యము 98,530. మొదటి సంఖ్యను వల్లించువారు నేటికిని ఊరికి నలుగురుందురు. రెండవదానిని తలచుకొనువారు అరుదు. నాకు మాత్రము ఈ రెంటిలో రెండవదే పెద్ద గెలుపుగ తోచుచున్నది. అయిదు లక్షల పైచిలుకు ఆధిక్యమును ప్రక్కనబెట్టి లక్షకైనను చాలని ఆధిక్యమును మెచ్చుకొనుట విపరీతముగ కనబడవచ్చును; కాని ఓట్ల లెక్కలో ఎన్ని వచ్చెనను ప్రశ్నకంటె ఎవరిమీద వచ్చెనను ప్రశ్నయే ముందడుగదగినది. ఈ సంగతి మన పల్లెలకు తెలియనిది కాదు. ఎన్నికల దినములలో రచ్చబండ దగ్గర మొదట పుట్టు మాట, మనవాడెవడని కాదు, "మనమీద ఎవురు నిల్చినారప్పా?" అని.

మొదటి గెలుపునకు నేపథ్యము ఎల్లరెరిగినదే యైనను, వరుస తప్పకుండ చెప్పుకొనుట మంచిది. 1991 సాధారణ ఎన్నికలలో నరసింహారావుగారు అసలు పోటీయే చేయలేదు. రాజకీయములనుండి విశ్రాంతి తీసికొనుటకై ఢిల్లీలో మూటముల్లె సర్దుకొనుచుండిరని ప్రతీతి. ఇంతలో మే 21వ తేదీ రాత్రి శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌గాంధీగారు హత్యకు గురియైరి. ఎన్నికలు ముగియునప్పటికి కాంగ్రెసు పెద్ద పక్షముగ తేలినది గాని, దానికి స్వంత బలము చాలలేదు. పలువురు ఆశావహులు ఒకరినొకరు అడ్డుకొనగా, అందరికిని సమ్మతమైన పెద్దమనిషిగ నరసింహారావుగారు నాయకత్వమునకు వచ్చి, జూన్ 21న ప్రధానిగ ప్రమాణస్వీకారము చేసిరి. దక్షిణాదినుండి ఆ పదవి నలంకరించిన మొదటివారు ఆయనయే. అయితే ఆ దినమున ఆయన లోక్‌సభలోగాని రాజ్యసభలోగాని సభ్యులు కారు.

మంత్రియైనవాడు ఆరు నెలలలోపల పార్లమెంటులో ఏదో ఒక సభకు సభ్యుడు కానియెడల పదవి కోల్పోవునని రాజ్యాంగములోని 75వ అధికరణము చెప్పుచున్నది. అనగా డిసెంబరు 21 గడువు. రాజ్యసభ దారి తెరచియే యుండెను. 1966లో శ్రీమతి ఇందిరాగాంధీ ప్రధానియైననాడు రాజ్యసభ సభ్యురాలే. నరసింహారావుగారు తెచ్చి ఆర్థికశాఖ అప్పగించిన డాక్టరు మన్మోహన్‌సింగ్‌గారు ఆ యేడే అస్సామునుండి రాజ్యసభకు పోయిరి. కాని బలము చాలని ప్రభుత్వమునకు నాయకుడైనవాడు దొడ్డిదారిన వచ్చెనను మాట పడదలచలేదు కాబోలు, ప్రజల ఓటుతోనే సభలో అడుగుపెట్టవలెనని నిశ్చయించుకొనిరి. నంద్యాలనుండి అప్పుడే ఎన్నికైయున్న కాంగ్రెసు సభ్యులు శ్రీ గంగుల ప్రతాపరెడ్డిగారు రాజీనామా యిచ్చి చోటు చూపిరి.

ఇక్కడ ఒక్కక్షణము ఆగవలసియున్నది. నరసింహారావుగారి స్వస్థానము తెలంగాణము. మంథెనినుండి 1957 మొదలు ఇరువదేండ్లు శాసనసభ్యులు. పిమ్మట హనుమకొండనుండి లోక్‌సభ సభ్యులు. రాయలసీమతో ఆయనకుగల పాత సంబంధము, మెత్తగ చెప్పవలెనన్న, ప్రియమైనది కాదు. 1971లో ముఖ్యమంత్రియైన ఆయన భూసంస్కరణలకు పూనుకొనుటయు, ముల్కీ నిబంధనలపై 1972లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చుటయు, దానితో కోస్తా రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగుటయు, 1973 జనవరిలో ఆయన పదవి వీడగా రాష్ట్రపతి పాలన విధింపబడుటయు పెద్దల జ్ఞాపకములలో ఇంకను పచ్చిగనే యుండెను. భూపరిమితి చట్టమన్న మాట వినగానే ఉలిక్కిపడిన భూస్వాముల ఊళ్ళలోనే, పదునెనిమిదేండ్ల పిదప, ఆయన బొమ్మ గోడలకెక్కెను. భూమి పోవునని నాడు భయపడినవారి కుమారులే నేడు జీపులెక్కి ఆయనకై ఓట్లడిగిరి. ఇందులో వైరుధ్యమున్నదని వారికి తోచెనో లేదో తెలియదు. తోచినను ప్రధానమంత్రి మన నియోజకవర్గపు మనిషియగుచున్నాడన్న ముచ్చట దానిని మింగివేసియుండును.

స్వస్థానమైన హనుమకొండలో ఆయనకు జరిగినది కూడ ఈ కథకు అవసరము. 1984 డిసెంబరులో, ఇందిరాగాంధీగారి హత్యానంతరము దేశమంతట కాంగ్రెసు గాలి వీచుచుండగా, భారతీయ జనతాపార్టీ గెలిచిన స్థానములు దేశము మొత్తముమీద రెండే రెండు. ఒకటి గుజరాతులోని మెహసానా, రెండవది హనుమకొండ. అక్కడ కేంద్రమంత్రియైన నరసింహారావుగారిని ఓడించినవారు శ్రీ చందుపట్ల జంగారెడ్డిగారు. ఆ విజయమునకు వెనుక నిలిచినది శ్రీ ఎన్.టి. రామారావుగారి తెలుగుదేశము మద్దతు. నరసింహారావుగారు మహారాష్ట్రములోని రామ్‌టెక్ నుండికూడ పోటీచేసియుండుటచేత సభలో ఆయనకు చోటు దక్కినది. ఏడేండ్లు తిరిగినవి, మరల భారతీయ జనతాపార్టీ అభ్యర్థియే ఎదురుగ నిలిచెను, కాని ఈసారి రామారావుగారు ప్రక్కకు తప్పుకొనిరి. హనుమకొండ ఓటమియందును నంద్యాల రికార్డుయందును మారినది అభ్యర్థి ప్రతిభ కాదు, రామారావుగారు నిలిచిన చోటు.

తెలుగుబిడ్డ ప్రధానియైన వేళ అతనిపై పోటీ పెట్టుట తగదని రామారావుగారు ప్రకటించిరి. అప్పటికాయన రాష్ట్రములో ప్రతిపక్షనాయకులు మాత్రమే కారు. కాంగ్రెసునకు ప్రత్యామ్నాయముగ దేశములో ఏర్పడిన నేషనల్ ఫ్రంటుకు అధ్యక్షులు. అట్టివారు కాంగ్రెసు ప్రధానికి దారి విడుచుట రాజనీతి దృష్టితో చూచిన విడ్డూరమే. అయితే ఆయన పార్టీ పుట్టుకయే తెలుగువారి ఆత్మగౌరవమను నినాదమునుండి జరిగినది. ఢిల్లీ పెద్దలు తెలుగు ముఖ్యమంత్రులను ఆడించుచున్నారని ఊరూర చెప్పి 1983లో గద్దెనెక్కినవారు, తెలుగువాడే ఢిల్లీ గద్దెనెక్కినప్పుడు అతనిని పడగొట్టుటకు ఊరూర తిరిగినచో, జనము ముఖముమీదనే అడుగుదురు. ఔదార్యమెంత, అవసరమెంత యని త్రాసులో తూచుట నా పని కాదు. రెండును కలిసియుండవచ్చును. ఫలితమొక్కటే: నంద్యాల ప్రాంతమున కాంగ్రెసును నిలబెట్టి ఢీకొనగల ఏకైక పక్షము బరిలో లేకుండపోయెను.

ఆ పక్షము లేకపోవుట యనగా పల్లెలో ఏమగునో పట్టణ పాఠకునకు కొంత వివరింపవలెను. నాటి పోలింగు బూతు సామాన్యముగ ప్రాథమిక పాఠశాలలోని ఒక గది. ఓటరు లోపలికి వచ్చి పేరు చెప్పగానే గుమాస్తా జాబితాలో వెదకి బిగ్గరగ చదువును. ఎడమచేతి చూపుడువ్రేలికి సిరా పూయుదురు. బ్యాలెట్ కాగితము చేతికిత్తురు. అట్ట మరుగునకు పోయి ముద్ర వేసి, మడిచి, ఇనుపపెట్టెలో వేసి పోవలెను. ఈ తంతు జరుగుచున్నంతసేపు గోడవార బల్లమీద కూర్చుండువారు అభ్యర్థుల ఏజెంట్లు. ఉదయమున ఖాళీపెట్టె చూచి కాగితపు సీలుమీద సంతకము చేయువారు వారే, సాయంకాలము లక్కముద్రవరకు కదలక కూర్చుండవలసినవారును వారే. వచ్చినవాడు తాను చెప్పిన మనిషి కాడని అనుమానము కలిగినచో, రెండు రూపాయలు కట్టి ఆ ఓటును చాలెంజి చేయుట ఏజెంటు హక్కు. ఊరివారి ముఖములన్నియు ఎరిగినవాడే ఆ పని చేయగలడు. ఎదుటివర్గపు ఏజెంటు గట్టివాడైన బూతులో చచ్చిపోయినవారు వచ్చి ఓటువేయుట తగ్గును. రాయలసీమ గ్రామములలో రెండు వర్గములుండుట ఎన్ని అనర్థములకు మూలమైనను, ఎన్నికల దినమున ఒకరిపై ఒకరు కన్నువేసి కూర్చుండుట యను ఒక మేలు దానివలన కలదు.

1991లో ఆ రెండవ బల్ల చాలచోట్ల ఖాళీ. భారతీయ జనతాపార్టీకి ఆనాడు నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల పల్లెలలో ఊరికొక ఏజెంటును కూర్చుండబెట్టగల బలగము ఎక్కడిది? శ్రీ బంగారు లక్ష్మణ్‌గారు తరువాతి కాలమున తమ పార్టీకి అఖిలభారత అధ్యక్షులైన మాట నిజమే. కాని అధ్యక్షపదవి అటుండనిచ్చి, బండి ఆత్మకూరు వంటి ఊరిలో ఓటర్లకు చీటీలు వ్రాసియిచ్చువాడు, ముసలమ్మను చేయిపట్టి బూతుకు నడిపించుకొని వచ్చువాడు, రాత్రికి పెట్టెల వెంట లారీ ఎక్కువాడు లేనిదే ఓట్లు రాలవు. తెలుగుదేశము అభిమానులలో కొందరు ఇంటికడనే యుండిరి. కొందరు నాయకుని మాటమీద చేతిగుర్తుకు ముద్రవేసిరి. గెలుచువానితో నిలుచుటలోనే క్షేమమున్నదని తలచినవారు తక్కినవారు. అంతటి ఎన్నికలో తనపేర ఓటు పడలేదన్న మాట రానీయరాదని ప్రతి గ్రామపెద్దయు పొరుగూరి పెద్దతో పోటీపడిన వైనము వేరు. ఆ పోటీ అభ్యర్థుల నడుమ కాదు, కాంగ్రెసు పెద్దలలో ఎవరి ఊరు ఎక్కువ ఓట్లు చూపెనన్నదానిపై. 5,80,297 అను సంఖ్యలో ఆ పోటీకిని భాగమున్నది.

దీనినిబట్టి ఆనాటి ఓటు బూటకమని నేననుట లేదు. తెలుగువాడు ప్రధానియైనాడన్న సంతోషము నిజమైనది. పొలము గట్టున నిలిచి మాటాడు రైతునోటను, బడిపంతులునోటను అది వినబడినదే. మరియొక విశేషమేమనగా, ఆ సంతోషము రైతుకు గట్టిదెబ్బ తగిలిన యేటనే పొంగినది. జూలై మొదటివారమున రూపాయి విలువ తగ్గింపబడెను. జూలై 24నాటి బడ్జెటులో ఎరువుల ధర నూటికి నలుబది పెంచబడెను. దేశమంతట గగ్గోలు పుట్టగా ఆ పెంపు ముప్పదికి దిగెను, చిన్న సన్నకారు రైతులకు మినహాయింపును లభించెను. వరి పండించువాడు యూరియా బస్తా ధరను తన గోత్రమువలె కంఠస్థము చేసియుండును. అట్టివాడు ఆ ఖరీఫు పంట యింటికి రాకముందే, ఆ ధర పెంచిన ప్రభుత్వాధినేతకు పదింట తొమ్మిది ఓట్లు వేసెను. అభిమానము అప్పటికి లెక్కలను జయించెననవలెను.

అయితే ఎరువుల కథ అంతటితో ముగియలేదు. 1992 ఆగస్టులో డి.ఎ.పి., పొటాషులపై ధరల నియంత్రణ ఎత్తివేయబడెను. యూరియా ఒక్కటియే అదుపులో మిగిలెను. చవకగనున్న యూరియాను ఎక్కువగ చల్లి, ప్రియమైన తక్కినవానిని తగ్గించిన పొలములు కాలువక్రింద ఎన్నియో. అదే యేడు డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీమసీదు కూల్చివేత జరిగెను. నంద్యాల, ఆత్మకూరు పట్టణములలో ముస్లిం ఓటర్లు తక్కువవారు కారు. అంతవరకు కాంగ్రెసునకు పెట్టనికోటలైన వీధులలో ప్రధాని మౌనముగురించి ప్రశ్నలు పుట్టినవి. స్టాకుమార్కెటు కుంభకోణము, 1993 అవిశ్వాస తీర్మానమునాటి ఆరోపణలు, పత్రికలలో దినదినము వచ్చు పేర్లు పల్లెకు దూరపు ఉరుములే; ఎరువుబస్తాయు మసీదుమాటయు మాత్రము గుమ్మములోని పిడుగులు.

రాష్ట్రములో పరిస్థితి అంతకంటె కఠినము. 1994 డిసెంబరు శాసనసభ ఎన్నికలలో రామారావుగారి తెలుగుదేశము ఒక్కటియే 216 స్థానములు గెలువగా, కాంగ్రెసునకు 294లో దక్కినవి 26 మాత్రమే. ప్రధాని స్వరాష్ట్రమున ప్రధాని పార్టీకి ప్రతిపక్షహోదాయు సందిగ్ధమైన స్థితి అది. రెండు రూపాయల బియ్యమును, మద్యనిషేధమును ఆడవారి ఓట్లను తెలుగుదేశమువైపు త్రిప్పినవి. తెలుగుగంగ కాలువ పనులు సాగుచున్న ఈ ప్రాంతమున రామారావుగారి పేరు గోడమీది అక్షరము కాదు, పొలముచెంత త్రవ్విన మట్టి.

1996లో ఎదుట నిలిచిన మనిషియు వేరు. ఆళ్ళగడ్డ రాజకీయము చిరకాలముగ గంగుల, భూమా కుటుంబముల నడుమ నలుగుచుండెను. శాసనసభ్యులైన శ్రీ భూమా శేఖరరెడ్డిగారు 1991లో మరణించగా, ఆయన తమ్ముడు నాగిరెడ్డిగారు 1992 ఉపఎన్నికలో ఆ స్థానమునకు వచ్చి, 1994లో మరల గెలిచిరి. యువకుడు, ఊరూర బలగమున్నవాడు, బూతులో ఖాళీ బల్లను మిగులనిచ్చువాడు కాడు. 1991లో ప్రధానికై చోటు ఖాళీ చేసినది గంగుల కుటుంబమగుటచేత, ఆళ్ళగడ్డ తాలూకాలో ఆ ఎన్నిక మొదటినుండియు ఒక వర్గపు మర్యాదగనే లెక్కకు వచ్చినది. ఆ వర్గమునకు ఎదుటివాడే ఇప్పుడు ప్రధానికి ఎదుటివాడు. రామారావుగారు 1996 జనవరి 18న కన్నుమూసియుండిరి. తెలుగుబిడ్డపై పోటీ తగదన్న మాట ఆయనతోనే పోయెను. అంతకు ముందటి ఆగస్టులోనే పార్టీ పగ్గములు శ్రీ నారా చంద్రబాబునాయుడుగారి చేతికి వచ్చియుండెను.

మన తిరునాళ్ళలో బండలాగుడు పందెము చూచినవారికి ఒక సంగతి తెలియును. పాలపళ్ళ కోడెలకు కట్టు బండ వేరు, పెద్ద యెద్దులకు కట్టు బండ వేరు. ఎన్ని అడుగులు లాగెనని చెప్పునప్పుడు ఎంత బండను లాగెనని కూడ చెప్పనిదే లెక్క లెక్క కాదు. 1991నాటి బండ తేలిక. 1996నాటిది, ఎరువుల ధరలును, అయోధ్యయు, 26 స్థానముల అవమానమును, భూమావర్గపు బలగమును చేరి బరువెక్కినది. దానిని లాగి 98,530 ఓట్ల దూరము పోవుట సామాన్యము కాదు.

నరసింహారావుగారికి మొదటిసారి పడినవానిలో 2,59,810 ఓట్లు రెండవసారి తగ్గినవి. ప్రధాన ప్రత్యర్థికి పడినవి మొదటిసారికంటె 2,21,957 పెరిగినవి. పార్టీలు వేరైనందున ఈ రెండవ సంఖ్యను సూటిగ పోల్చరాదు గాని, ఎదురుగ నిజమైన పక్షమున్నప్పుడు ఓటు ఎటు పోవునో కొంత తెలియజేయును. 1991లో కాంగ్రెసు పెట్టెలో పడి, 1996లో పడని ఆ రెండున్నర లక్షల పైచిలుకు ఓట్లలో అధికభాగము మొదటినుండియు తెలుగుదేశమువారివే యని నా అంచనా. అవి అయిదేండ్లలో కాంగ్రెసును విడిచిపోయినవి కావు. ఒక్క నవంబరుమాసమునకు మర్యాదకై వచ్చి, తమ యింటికి తాము వెళ్ళినవి.

రెండవ గెలుపును పొగడుచు దానికి కలిసివచ్చినదానిని దాచుట న్యాయము కాదు. 1995 ఆగస్టు చీలిక పిమ్మట తెలుగుదేశము రెండుగ నిలిచెను. శ్రీమతి లక్ష్మీపార్వతిగారి నాయకత్వమున ఎన్.టి.ఆర్. తెలుగుదేశము 1996లో ఒక్క లోక్‌సభ స్థానమైనను గెలువలేదు గాని, రామారావుగారి భక్తుల ఓట్లను రాష్ట్రమంతట చీల్చివైచెను. పదునారు నెలల క్రిందట 26 శాసనసభా స్థానములకు పడిపోయిన కాంగ్రెసు, 42 లోక్‌సభ స్థానములలో 22 గెలుచుటకును, తెలుగుదేశము 16తో తృప్తిపడుటకును ఈ చీలిక ముఖ్యకారణము. నంద్యాలకును ఆ గాలి సోకియే యుండును. ప్రధానమంత్రి నియోజకవర్గమన్న హోదాను వదలుకొనుటకు ఓటరు వెనుదీసియుండును. ఇవన్నియు తీసివేసినను, దేశమంతట కాంగ్రెసు 140 స్థానములకు దిగజారిన యేడున, ఓటమి నాయకుడు స్వయముగ ఆ ఓటమినుండి తప్పించుకొనుట గమనింపదగినది. పదవిలోనుండి ప్రజల ముందుకు పోయి తామే ఓడిన ప్రధాని మనకు లేకపోలేదు. 1977లో రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీగారికి జరిగినది అదియే.

ఆ 1977 నంద్యాల చరిత్రలోను ఒక వింత సంవత్సరము. ఎమర్జెన్సీపై ఉత్తరాది మండిపడుచుండగా ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానములలో 41 కాంగ్రెసునకే దక్కినవి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. అక్కడ జనతాపార్టీ పక్షమున గెలిచినవారు శ్రీ నీలం సంజీవరెడ్డిగారు, గెలిచిన వెంటనే లోక్‌సభాపతియు, జూలైలో ఏకగ్రీవముగ రాష్ట్రపతియు అయిరి. అంతకుముందు 1967, 1971లలో కాంగ్రెసు పక్షమున నెగ్గిన శ్రీ పెండేకంటి వెంకటసుబ్బయ్యగారికి ఆనాడు తప్పినది గాని, 1980లో మరల ఆయనయే. రాష్ట్రమంతయు ఒకదారి పోవుచుండగా తానొక్కటే మరొక దారి పట్టిన ఊరిని పార్టీకి విశ్వాసపాత్రమైన కోటయని ఎవరును తలపరాదు. నంద్యాల పార్టీని కాక మనిషిని, ఆ మనిషికి ఎదురుగ నున్నవానిని చూచి ఓటువేయు ఊరు. ఒక ప్రధానిని, ఒక రాష్ట్రపతిని పంపినదన్న గొప్ప దానికి అట్లు దక్కినదే.

1991నాటి రికార్డు 2004లో పశ్చిమబెంగాలులోని ఆరాంబాగ్‌లో 5,92,502 ఓట్ల ఆధిక్యముతో చెరిగిపోయెను. 2014లో మహారాష్ట్రములోని బీడ్ ఉపఎన్నికలో, తండ్రి గోపీనాథ్ ముండేగారి మరణానంతరము నిలిచిన ప్రీతమ్ ముండేగారికి వచ్చిన ఆధిక్యము 6,96,321. ఇక 2024లో ఇండోరులో పదునొకండు లక్షల డెబ్బదియైదు వేలు దాటినది. ఇండోరు కథ నంద్యాల కథకు ఒక విధముగ తమ్ముడే: అక్కడ కాంగ్రెసు అభ్యర్థి ఆఖరిక్షణమున నామినేషను ఉపసంహరించుకొనెను, విజేత తరువాత ఎక్కువ ఓట్లు వచ్చినది ఏ మనిషికిని కాదు, నోటాకు, రెండు లక్షల పైచిలుకు. 1991లో నోటా మీట లేదు; బండి ఆత్మకూరులో ఇష్టములేనివాడు ఇంటనుండుట తప్ప వేరు దారి లేకుండెను.

1996లో నరసింహారావుగారు ఒడిశాలోని బరంపురమునుండి కూడ గెలిచిరి. రెండింటిలో బరంపురమును ఉంచుకొని నంద్యాలను వదలిరి. కష్టపడి గెలిచిన స్థానము అట్లు కొన్ని వారములలోనే ఖాళీయైనది. ఆ యేడే జరిగిన ఉపఎన్నికలో భూమా నాగిరెడ్డిగారు లోక్‌సభకు పోయిరి. 1998లోను, 1999లోను ఆయనయే. కాంగ్రెసు ఈ స్థానమును మరల చూచినది 2004లో, పైపుల పరిశ్రమతో ఎదిగి నంద్యాలలో ఇంటింట పేరుపడిన శ్రీ ఎస్.పి.వై. రెడ్డిగారితో, 2009లోను ఆయన కాంగ్రెసు పక్షముననే గెలిచిరి. 2014లో అదే మనిషి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు గుర్తుమీద గెలిచి, ఫలితములు వచ్చిన కొలదిదినములకే తెలుగుదేశమునకు పోయిరి. 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున శ్రీ పోచా బ్రహ్మానందరెడ్డిగారు, 2024లో తెలుగుదేశము పక్షమున డాక్టరు బైరెడ్డి శబరిగారు నెగ్గిరి. నియోజకవర్గముల పునర్విభజనతో బండి ఆత్మకూరు శ్రీశైలము శాసనసభా స్థానమునకు చేరెను; 2022లో నంద్యాల స్వయముగ జిల్లాయయ్యెను.

రాష్ట్రవిభజన జరిగిన 2014నుండి నంద్యాలలో కాంగ్రెసు అభ్యర్థికి ధరావతు దక్కలేదు. ఆ పార్టీ ఓటు మాయమైపోలేదు. దానిని పట్టియుంచిన గ్రామపెద్దలు, ఏజెంట్లు, చీటీలు వ్రాయు పిల్లలు ఎటు పోయిరో అటే పోయినది. ఒకనాడు ఆరు లక్షల ఇరువదియారు వేల ఓట్లు పడిన గుర్తునకు నేడు పల్లెబూతులలో కూర్చుండువాడు దొరకుట కష్టము. 1991లో ఎవరి బల్ల ఖాళీగ నుండెనో వారి పార్టీ నేడు ఢిల్లీలో పాలించుచున్నది, ఈ నియోజకవర్గమున మాత్రము తెలుగుదేశముతో పొత్తునుబట్టియే ఓట్లడుగుచున్నది.